కొత్తగూడ బండల మీద ఎర్రచీర విమానం

మా మరిది మాధవరావుకు విమానాల పిచ్చి పట్టిందన్న కబురు తెనాలికి మోసుకొచ్చింది మా పిన్ని. హైదరాబాదులో ఏదో పెళ్ళికి వెళ్ళి, మా చెల్లెలు కమల ఇంట్లో రెండు పూటలు ఉండి వచ్చిన మనిషి, ఇచ్చిన కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా మొదలుపెట్టింది. "గవర్నమెంటు ఆఫీసులో ప్లాన్లు గీసుకునేవాడికి ఆ బొమ్మ విమానాలేమిటే? పోనీ ఆయన సంగతి అలా ఉంచు. ఆదివారం వస్తే కమల కూడా ఆయన వెనకాల రాళ్ళల్లో రప్పల్లో పడి తిరుగుతోందిట!"

అమ్మ పోయాక కమలను పెంచి పెళ్ళి చేసినదాన్ని నేను. ఈ మాట విన్నాక నాకు అన్నం సయిస్తుందా? మా స్కూలుకు క్రిస్మస్ సెలవులివ్వగానే, మరిదిగారి పిచ్చి కుదిర్చి వద్దామని సంచీ సర్దుకున్నాను.

శుక్రవారం సాయంత్రం తెనాలిలో రైలెక్కాను. పులిహోర, పెరుగన్నం కట్టుకున్నాను కాబట్టి దారిలో కొనే పని లేకపోయింది. ఎదురుగా గుంటూరు పొగాకు వ్యాపారి ఒకాయన కూర్చున్నాడు. ఏ పనిమీద వెళుతున్నారని అడిగితే దాచకుండా చెప్పేశాను. ఆయన కాసేపు ఆలోచించి, "విమానాలేనాండీ? మా అల్లుడు పేకాటండి. మీరు అదృష్టవంతులు," అని దుప్పటి ముసుగేసుకున్నాడు. ఓదార్పో, ఎత్తిపొడుపో తేల్చుకోలేకపోయాను.

సికిందరాబాదులో దిగేసరికి పొద్దున ఏడు దాటింది. చలి వణికిస్తోంది. స్టేషను బయట ఇరానీ హోటల్లో టీ తాగి, బస్సు మారి మూసాపేట చేరేసరికి తొమ్మిదిన్నర. కమల వాళ్ళది రెండు గదుల కిరాయి ఇల్లు. గుమ్మంలో అడుగు పెట్టగానే బాగా మగ్గిన అరటిపళ్ళ వాసన గుప్పుమంది. గెల కొన్నారు కాబోలు అనుకుంటూ చూస్తే పళ్ళూ లేవు, గెలా లేదు. విమానం రెక్కల గుడ్డ బిగుసుకోవడానికి పూసే వార్నీషు వాసనట అది. మంచం మీద మనిషి పడుకోవలసిన చోట నా అంత పొడుగు రెక్క ఒకటి పడుకుని ఉంది. కింద చెక్కపొట్టు, గుండుసూదులు, బ్లేడు ముక్కలు.

ఆ రెక్క ఎర్రగా ఉంది. ఆ ఎరుపు నాకు తెలిసిన ఎరుపు. దగ్గరికి వెళ్ళి వేలితో తడిమాను. కమల పెళ్ళికి నేను ఏరికోరి కొనిపెట్టిన సిల్కు చీర అది! గాలికి ఎగిరిపోతుందన్నంత పల్చటి చీర. నిజంగానే ఎగరేస్తున్నారన్నమాట.

"జరీ అంచు బరువని తీసేశామక్కా. అంచు దాచాను," అంది కమల, నాకు ఊరట కలుగుతుందని కాబోలు.

మాధవరావు లోపలి గదిలోంచి వచ్చాడు. "వదినగారూ, ప్రయాణం బాగా జరిగిందాండీ?" అంటూ చేతులు జోడించి, నా పక్కనున్న స్తంభానికి నమస్కారం పెట్టాడు. తరవాత సర్దుకుని నావైపు తిరిగాడు. నవ్వొచ్చింది గాని, కమల ముఖం చూసి ఆపుకున్నాను.

వంటింట్లో వంకాయలు తరుగుతూ కమల సంగతంతా చెప్పింది. మాధవరావు చూపు మందగిస్తే మొదట్లో రేచీకటి అనుకున్నారట. ఇప్పుడు పగలు కూడా పక్కనున్నది కనపడదు, దూరంలో ఉన్నది మసక. ఆఫీసులో భూతద్దం పెట్టుకుని గీస్తున్నాడు. కళ్ళ డాక్టరు మందు లేదన్నాడు. ఉన్నన్నాళ్ళు చూడవలసినవి చూసుకోమన్నాడు.

"ఆయన చూడాలనుకున్నది ఇదొక్కటే అక్కా. తన చేత్తో చేసిన విమానం గాల్లో ఉండగా ఇంకొక్కసారి చూడాలిట. ఎరుపైతే కనపడుతుందేమోనని ఈ చీర అడిగారు."

తెనాలి నుంచి తెచ్చుకున్న తిట్లన్నీ సంచీలోనే ఉండిపోయాయి.

"మరి కనపడకుండా ఎలా ఎగరేస్తాడే?"

"రేపు చూద్దువుగా," అంది.

ఆదివారం పొద్దున్న ఆరున్నరకు బొంబాయి రోడ్డు మీద బస్సెక్కాం. రెక్క దుప్పట్లో, మొండెం తువ్వాల్లో. మొండెం కమల ఒళ్ళో ఉంది. కండక్టరు టికెట్లు కొడుతూ ఆగిపోయాడు. "ఏందమ్మా గిది? ముక్కు ముందల ఫ్యానున్నది!"

"విమానం," అన్నాడు మాధవరావు.

"విమానమున్నోళ్ళు మా బస్సెందుకెక్కిన్రు సారూ?" అన్నాడు. బస్సంతా నవ్వింది. నాకు తల తీసేసినట్టయింది. ఆకుకూరల గంప పెట్టుకున్న ముసలమ్మ మాత్రం తన గంప కిందికి దించి, "జర పైలం బిడ్డా, రెక్క ఇరుగుతది," అని రెక్కకు చోటిచ్చింది.

బస్సులో మాధవరావు నాకు రెండు సంగతులు చెప్పాడు. కింద నిలబడి విమానాన్ని తిప్పే వైర్‌లెస్ పెట్టెకు మీట ఒకటే. నొక్కి పట్టుకున్నంతసేపూ విమానం తిరుగుతుంది, వదిలితే తిన్నగా పోతుంది. మొదటిసారి నొక్కితే కుడికి, రెండోసారి ఎడమకి, మళ్ళీ కుడికి. ఏది అయిందో, ఏది రావాలో మనిషే గుర్తుంచుకోవాలి. ఇక రెండోది, "చచ్చినా మనుషులున్న వైపు తిప్పకూడదండీ. ముందు తిరిగే ఆ పంకా వేళ్ళు తెంపుతుంది. ఈ మైదానంలో నేను పెట్టిన నియమం అది." ఇదంతా విన్నాక ఇది ఆటా, ఆయుధమా అని నాకు అనుమానం వచ్చింది.

మదీనాగూడలో దిగి బండిబాట పట్టాం. వెళ్ళదలచినవారు చెప్పులు గట్టివి వేసుకోండి, తుమ్మముళ్ళు లెక్కలేనన్ని. మంచినీళ్ళు వెంట తీసుకెళ్ళండి. దారిలో ఒక్క కల్లు మండువా తప్ప ఏమీ లేదు. కొత్తగూడ దాపుకొచ్చేసరికి ఎక్కడ చూసినా ఏనుగులంతేసి బండలు, వాటి సందుల్లో సీతాఫలం పొదలు. ఇంత రాతిలో ఎవరు కాపరముంటారా అనిపించింది. బండల నడుమ జొన్న కోసేసిన బీడు ఒకటి సాపుగా ఉంది. ఆ చేను ఎల్లయ్య అనే రైతుది. ఆయన అప్పటికే వచ్చి గట్టు మీద కూర్చుని ఉన్నాడు.

గాలి లేవకముందే ఎగరెయ్యాలిట. కానీ ఇంజను మొరాయించింది. చుంచెలుక అంత లేదు, మాధవరావును రెండు గంటలు ఏడిపించింది. అందులో పోసే నూనెలో ఆముదం కలుపుతారు. చిన్నప్పుడు మా అమ్మమ్మ ముక్కు పట్టుకుని తాగించిన ఆముదం, ఇక్కడ విమానం తాగుతోంది! నాలాగే అదీ కక్కింది. చివరికి పది దాటాక, ఎండ చుర్రుమంటున్నప్పుడు, గయ్యిమని అందుకుంది. నేను రెండు చెవులూ మూసుకున్నాను.

అప్పుడు చూశాను. మీట ఉన్న పెట్టె మాధవరావు చేతిలో లేదు. కమల మెళ్ళో పట్టీ వేసుకుని, పమిట బొడ్లో దోపుకుని, ఆ పెట్టె పట్టుకుని నిలబడింది. ఎగరేసేది మా కమల! సైకిలు నేర్చుకుంటానంటే నేను వద్దన్న కమల! ఆ షాకులో ఉండగానే మాధవరావు వెనక నుంచి వచ్చి, నలుగురు చూస్తుండగా, కమల భుజం మీద చెయ్యి వేశాడు. నా ముఖం ఎటు తిప్పుకోవాలో తెలియలేదు.

ఎల్లయ్య నా అవస్థ కనిపెట్టాడు. "సారు లెక్క చెప్తడమ్మా, అమ్మ చూస్తది. ఇద్దరు కలిస్తెనే లేస్తది గది," అన్నాడు. విమానాన్ని తల మీదికెత్తి, గాలికి ఎదురు పరుగెత్తి విసిరాడు.

లేచింది. బండలు దాటింది. నా చీర ఆకాశంలో ఉంది! నోరు తెరుచుకుని చూస్తుండిపోయాను. మాధవరావు మీట చప్పుడు వింటూ నెమ్మదిగా చెబుతున్నాడు. "కుడి అయింది. ఇక ఎడమ. ఎడమ అయింది. ఇక కుడి." ఒక్కో మాటకూ ఆయన వేలు కమల భుజం మీద తడుతోంది. కళ్ళు మాత్రం ఆకాశమంతా వెతుకుతున్నాయి. బండల మధ్య ఆ మోత నాలుగు వైపులా మోగుతోంది, చెవి ఎటు చూపిస్తే అటు చూద్దామన్నా వీల్లేదు. ఈసారైనా కనపడాలి దేవుడా అని నేను మొక్కుకున్నాను. మొక్కు మొక్కిన పది నిమిషాల్లో తీరినంత పనయింది.

"కనపడుతోంది!" అని అరిచాడు. "కమలా, కనపడుతోంది! అదిగో!"

ఆయన వేలు చూపిన వైపు చూశాను. విమానం కాదు. గద్ద. ఎండ వేడికి బండల మీద నుంచి లేచి, రెక్క కదపకుండా చుట్లు తిరుగుతోంది.

విమానం దానికి పూర్తిగా అవతలి వైపున ఉంది. మాధవరావు కమల భుజం వదిలేసి రెండడుగులు ముందుకు నడిచాడు. లెక్క ఆపేశాడు. "ఎంత బాగా తేలుతోంది! చూశారా వదినగారూ, అసలు ఊగడం లేదు!" అంటున్నాడు. ఆ ముఖమంతా సంతోషం. ఏమనాలి? అవునంటే అబద్ధం. కాదంటే ఏ నోటితో అనను?

ఇంతలో ఇంజను ఆగిపోయింది. నూనె అయిపోయిందిట. ఒక్కసారిగా నిశ్శబ్దం.

"అక్కా," అంది కమల, ఆకాశం మీంచి చూపు తిప్పకుండా. "లెక్క తప్పింది. ఒకసారి నొక్కి చూస్తాను... కుడి. కుడి అయింది. ఇక్కణ్ణుంచి నువ్వు చెప్పు."

ఇరవై ఏళ్ళుగా ఆడపిల్లలకు లెక్కలు చెబుతున్నాను. రెండు దాకా లెక్కపెట్టడం అంత కష్టమని ఎప్పుడూ అనుకోలేదు. వెళ్ళి భుజం పట్టుకున్నాను. "ఇక ఎడమ," అన్నాను. మీట టక్కుమంది. "ఇక కుడి." విమానం చుట్టు తిరిగి దిగుతోంది. అవతల బీడులో దింపుతుందనుకున్నాను. దింపలేదు. ముక్కు మావైపు తిప్పింది.

"కమలా! మనుషులున్నారే!"

"తెలుసు. తరవాత ఏది?"

"ఎడమ! ఆయనున్నాడే అక్కడ!"

"ఏవండీ," అని కేక పెట్టింది కమల. "పైకి కాదు. ఇటు తిరగండి. నా గొంతు వినపడే వైపు. కదలొద్దు."

ఆయన తిరిగాడు. చప్పుడు లేకుండా, ఈల వేసినట్టు సన్నటి గాలి మాత్రం చేసుకుంటూ అది తిన్నగా ఆయన తల మీదికే వస్తోంది. మొగుణ్ణి చంపేస్తోంది నా చెల్లెలు అనుకున్నాను. ఎల్లయ్య "అమ్మో, సారూ!" అని చెట్టు చాటుకు దూకాడు. నేను కమల భుజం వదిలేసి నేల మీద బోర్లా పడ్డాను. తల పక్కకు తిప్పి చూస్తే, ఆయన కదలకుండా నిలబడి ఉన్నాడు. చెయ్యెత్తితే అందేంత ఎత్తున ఎర్రగా, ఎండ రెక్కల్లోంచి దూరి వస్తుండగా, అది ఆయన మీంచి వెళ్ళిపోయింది. ఆముదం చుక్కలు ఆయన ముఖం మీద, నా జాకెట్టు మీద పడ్డాయి. వెళ్ళి సీతాఫలం పొదలో ఫటేలుమంది.

మాధవరావు పైకి చూపించి, "మరి అదీ?" అన్నాడు.

"గద్దండీ," అంది కమల.

ఆయన తల ఊపాడు. ముఖం మీది ఆముదం తుడుచుకోబోయి మానేశాడు. "ఎర్రగా ఉంది కమలా," అన్నాడు. "పక్కటెముకలన్నీ కనపడ్డాయి. నేను అతికించినవన్నీ కనపడ్డాయి." ఏడవడానికి ఆయనకు సిగ్గు లేదు, ఆ సంగతి చెప్పడానికి నాకూ లేదు. కమల మాత్రం మెళ్ళో పెట్టె అలాగే ఉండగా నేల మీద కూలబడింది. నియమం తప్పినందుకు ఆయన ఒక్క మాట అనలేదు.

పొదలోంచి ఎల్లయ్య తెచ్చిన విమానానికి ఒక రెక్క విరిగింది, చీర నిలువునా చిరిగింది. "ఫికర్ జెయ్యకు సారూ, ఇంకోటి జేద్దువు," అన్నాడాయన. ఎల్లయ్య ఇంట్లో జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ తొక్కు తిన్నాం. అంత రుచైన భోజనం నేను ఆ ప్రయాణంలో మళ్ళీ చెయ్యలేదు.

సోమవారం సాయంత్రం కమల ఒక్కతే సికిందరాబాదు స్టేషనుకు వచ్చింది. బండి కదిలేముందు కిటికీ దగ్గర నోరు జారాను. "వచ్చే ఏడాదికి ఆ పాటి చూపు కూడా ఉండదేమోనే."

"అప్పుడు ఇంకా కిందికి తెస్తాను," అంది. "లెక్కకి నువ్వు రావాలి."

ఆ రాత్రి బండి ఒంపు తిరిగినప్పుడల్లా కుడి, ఎడమ అని గొణుక్కుంటూ కూర్చున్నాను. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికెవడో. పిన్నికేం చెప్పాలో ఆలోచించాను గాని ఏదీ తేలలేదు. ఆ రెండు రోజుల్లో తగిలిన దెబ్బలకు బుర్ర ఇంకా దిమ్మెక్కే ఉంది.

పొద్దున బెజవాడలో దిగాను. తెనాలి బండికి ఇంకా చాలా టైముంది. బజారులో చీరల కొట్లు అప్పుడే తెరుస్తున్నారు. ఒక కొట్లోకి వెళ్ళి ఎర్ర సిల్కు చీర చూపించమన్నాను. పల్చటిది కావాలన్నాను, జరీ అంచు అసలు వద్దన్నాను. కొట్టాయన నాలుగు చీరలు విప్పి పరిచి, నన్ను ఎగాదిగా చూశాడు.

"అంచు లేకుండా ఎవరు కడతారండీ? ఎవరికండీ ఇది?"

"విమానానికి," అన్నాను.