ఆగిన తప్పెట

1968 జూలై, శనివారం సాయంత్రం. రామతీర్థం దగ్గర ఒక పల్లె. ఉన్నవారు: నేను, మా అక్క భర్త రామం బావ, యాత్రకు వచ్చిన మాకు బస ఇచ్చిన రైతు అప్పన్న తాత, ఊరి తప్పెటగుళ్ల బృందం.

వానలు లేక నారుమళ్లు ఎండిపోతున్నాయి. గంగమ్మను వేడుకుంటూ, రొమ్ముకు రేకు తప్పెటలు కట్టుకున్నవాళ్లు గెంతుతూ వాయిస్తున్నారు. బావ వయొలిన్ నేర్చినవాడు. ఆయన లెక్కలో కచేరీ తప్ప తక్కినదంతా మోతే.

"శ్రుతీ లేదు, పాడూ లేదు. కాసేపు ఆపండయ్యా!" అని అరిచాడు.

తప్పెటలు ఆగిపోయాయి.

"ఏటి బాబూ, ఆపీసినావు?" అన్నాడు తాత. "వాన కోసం ఎత్తుకున్న పాట మద్దిలో ఆపకూడదు. ఇప్పుడు వాన రాకపోతే మా సేలకి ఎవుడు దిక్కు?"

బావ ఇంకేదో అనబోతుంటే చెయ్యి నొక్కి ఆపాను. ఎవరూ తిట్టలేదు. వేళకు అన్నం కూడా పెట్టారు. ఆ మర్యాదకే నాకు భయం వేసింది. మబ్బు పడితే బాగుండునని నిద్ర లేకుండా ఎదురుచూశాను.

మర్నాడు ఉదయం ఆకాశం నిర్మలంగా ఉంది. మేం బస్సుకని సంచులు సర్దుకుంటుండగా తాత బృందాన్ని వెంటబెట్టుకుని వచ్చి, బావ రొమ్ముకు తప్పెట కట్టాడు.

"ఆపినోడే మళ్లీ ఎత్తుకోవాల. కొట్టు బాబూ, బస్సుకేటి, మళ్లీ వస్తాది."

బావ కొట్టిన నాలుగు దెబ్బలూ తాళం తప్పాయి.

"సుతి నేదేటి బాబూ!" అంది గుమ్మంలోంచి ఒక ముసలమ్మ. అందరూ నవ్వారు.

బావ నవ్వలేదు. కళ్లు మూసుకుని, బృందం అడుగుల చప్పుడు కాసేపు విని, మళ్లీ మొదలుపెట్టాడు. బస్సు వచ్చి వెళ్లిపోయింది. మేం ఎక్కలేదు.