బంగారరాజు గారి కిలోమీటర్లు

బంగారరాజు గారికి ఫుట్‌బాల్‌లో గోల్స్‌తో పనిలేదు. ఎవరెంత దూరం పరిగెత్తారన్నదే కావాలి. ఇరవై తొమ్మిదేళ్లు బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి కాబట్టి ఆ దూరాన్ని ఊళ్లలో తప్ప చెప్పలేరు.

నేను రాజోలు అమ్మాయిల జట్టుకు కోచ్‌ని. ఒకసారి ఐదు గోల్స్ తేడాతో చిత్తుగా ఓడిపోయి ఏడుపు మొహాలతో వస్తుంటే, ఈయన ఎదురొచ్చారు.

"శుభవార్తండి మాస్టారూ! మన డిఫెండరు యామిని అమలాపురంలో బయల్దేరి అంబాజీపేట దాటేసిందండి!"

"ఒక్క గోలూ ఆపలేదు కదండీ?"

"ఆగితే దూరం ఎలా వస్తుందండీ?"

గోల్‌కీపర్ కుసుమ ఈయన కనిపిస్తే దాక్కునేది. "ఏమ్మా, ఇవాళ కూడా బస్టాండు దాటలేదా?" అని అడుగుతారని భయం.

టీవీలో ప్రపంచకప్పు ఫైనల్ చూస్తూ కూడా అంతే. చివరి నిమిషంలో గోలు పడి వీధంతా కేకలు పెడుతుంటే, "అరవకండర్రా, లెక్క తప్పుతుంది!" అన్నారట. ఎవరు గెలిచారని భార్య వీరాయమ్మ గారు అడిగితే, "తెలీదే. పదో నంబరతను మాత్రం మాచవరం దగ్గరున్నాడు" అన్నారట.

"టీవీలో వాళ్లకీ మనకీ తేడా ఏంటండీ?" అని అడిగానొకసారి.

"దూరంలో పెద్దగా లేదండి. వేగంలోనే ఉందంతా. స్కూలు పిల్లలు షేర్ ఆటో అండి, ఎక్కడ పడితే అక్కడ ఆగిపోతారు. మండలం జట్లు పల్లెవెలుగు. రాష్ట్రం జట్టు ఎక్స్‌ప్రెస్. మన వీరవేణి ఎక్స్‌ప్రెస్సేనండి, పొరపాటున పల్లెవెలుగు బోర్డు పెట్టుకు తిరుగుతోంది."

వీరవేణి మా మిడ్‌ఫీల్డరు, అంతర్వేది వైపు చేపల వేటకెళ్లే వాళ్లమ్మాయి. అమలాపురంలో జిల్లా పోటీల ఫైనల్ నాడు రాష్ట్ర సెలెక్టర్లు ముగ్గురు కుర్చీలేసుకుని ఆ అమ్మాయినే చూస్తున్నారు. ఆట చెరి ఒక గోలు మీద ఉంది. ఇంకో పావుగంటే మిగిలింది. అమ్మాయిల్ని మార్చుకునే అవకాశాలన్నీ మాకు అయిపోయాయి.

ఉన్నట్టుండి బంగారరాజు గారు మైదానం మధ్యలోకి పరిగెత్తి, రెండు చేతులూ చాచి, బస్సు ఆపించినట్టు "హోల్డాన్!" అని అరిచారు.

ఇరవై రెండు మందీ టక్కున ఆగారు. రిఫరీ రాజేంద్ర గారు ఆయన వెంటపడ్డారు. ఈయన గోల్‌పోస్టు చుట్టూ రెండు చుట్లు తిప్పి, నిలబడి, నిలదీశారు.

"ఇప్పటిదాకా మీరెంత పరిగెత్తేరో తెలుసా అండీ? నాలుగు కిలోమీటర్లు! మా గోల్‌కీపరే నయం!"

"ఏంటండీ, నన్ను పట్టుకుని..."

"ఆయ్, ఊరి పొలిమేరైనా దాటలేదండి మీరు!"

జనం ఈలలు వేశారు. సెలెక్టర్లు పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. అయిదు నిమిషాల రభస తర్వాత నలుగురు కలిసి ఆయన్ని గోడ బయటికి సాగనంపారు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆట మళ్లీ మొదలైంది. వీరవేణి బాణంలా దూసుకెళ్లి గోలు కొట్టింది. గెలిచాం. ఆ సాయంత్రమే రాష్ట్ర జట్టులో ఆమె పేరు చదివారు.

బయట చెరుకురసం బండి దగ్గర బంగారరాజు గారిని పట్టుకున్నాను. "ఏంటండీ ఆ గోల? పరువు తీసేశారు!"

"ఆ పిల్లకి పిక్క పట్టేసిందండి. ఎవరికీ తెలీకుండా పళ్ల బిగువున పరిగెడతా ఉంది. కుంటడం సెలెక్టర్లు చూస్తే ఇంకేముందండీ? అందుకే అందరూ నన్ను చూసేలా చేసేను. ఆ సందులో కుసుమ దాని కాలు పట్టి సరిచేసిందండి."

ఆయన బండివాడికి డబ్బులిచ్చి రెండు గ్లాసులు అందుకున్నారు.

"పదండి మాస్టారూ, రిఫరీ గారికి క్షమాపణ చెప్పాలి. ఆయన తొమ్మిది కిలోమీటర్లు దాటేసేరు పాపం. నా సర్వీసులో మొదటిసారి దొంగలెక్క చెప్పేనండి."

రెండు గ్లాసుల రసం పట్టుకుని వెళ్లాం. రాజేంద్ర గారు అంతా విని, గ్లాసు ఖాళీ చేసి, మూతి తుడుచుకున్నారు.

"తొమ్మిదంటే ఒప్పుకోనండి. మీ వెనకాల పరిగెత్తిన రెండొందల మీటర్లూ కలపండి."