మా అమ్మ పేర్చిన రాళ్లగట్టు

వేరుశనగ పీకేసిన చేలో ఎలుక బొక్క ఎక్కడుందో మా అమ్మ నీలావతి నడుస్తూనే చెప్పేది. చిన్నతనంలో ముదిగుబ్బ చుట్టుపక్కల చేలల్లో వాళ్లమ్మ వెంట తిరిగి, ఎలుకలు నేల కింద దాచుకున్న కాయలు తవ్వుకుని బతికిన మనిషి. పంట ఎత్తేశాక ఆ కాయలు తవ్వుకున్నవాళ్లవే. అది మా పక్క వాడుక. "ఎలకంత తెలివి మనకు లేదు పాపా. పుచ్చిన కాయ ఒగటి గూడ లోపల పెట్టుకోదు" అనేది.

అమ్మ పోయి పది నెలలైంది. ఆమెను తలుచుకుంటే నాకు ఆసుపత్రి మంచం గుర్తుకు రాదు. ఆ గట్టు గుర్తుకొస్తుంది.

నేను ఆరో తరగతిలో ఉన్న ఏడాది మా నాయన నాగరాజు రెండు పనులు చేశాడు. చేనిగట్టు మీది రాళ్లూ పొదలూ జేసీబీతో తోయించి, ఆ జాగాలో ఇంకో రెండు సాళ్లు విత్తాడు. ఆవు పాలు తగ్గితే, జెర్రిపోతు పాము దాని కాళ్లకు చుట్టుకుని తాగిపోతోందని నమ్మి, గట్టులో ఉన్న రెండింటినీ కొట్టి చంపాడు. మా ఊళ్లో అందరూ నమ్మే మాటే అది. ఆవు పాలు పెరగలేదు. ఎలుకలు పెరిగాయి. కోతకొచ్చేసరికి కాయ సగం నేల కిందికి పోయింది. విత్తనానికి కూడా మిగల్లేదు.

"చేను గుత్తకిచ్చి బెంగళూరు పోదాం. కట్టడం పని దొరుకుతాది" అన్నాడు నాయన.

"ఒగ పంట చూడప్పా. గట్టు నాకిడిసిపెట్టు. ఈసారి గూడ ఎలకలు తింటే నేనే మూట గట్టుకోని ముందు బస్సెక్కుతా" అంది అమ్మ.

ఆ ఎండాకాలమంతా తోసేసిన రాళ్లను ఒక్కొక్కటే మోసి మళ్లీ పేర్చింది. పేర్చేటప్పుడు కావాలనే సందులు వదిలింది.

"బాడుగిండ్లు కడతాండావా?" అని నాయన ఎగతాళి చేశాడు.

"అవు. బాడుగ ఎలకల్లో ఇస్తారు."

గట్టు చివర నల్లతుమ్మ చెట్టు మీద గుడ్లగూబల జంట ఉండేది. అవి ఇంటికి మంచివి కావని నాయన గొడ్డలి తీశాడు. అమ్మ ఆ చెట్టు కింద గూబలు కక్కిన ఎండు ఉండలు కొంగులో ఏరి తెచ్చి, అరుగు మీద చిదిమింది. బొచ్చు, సన్నటి ఎముకలు, ఏడు ఎలుకల పుర్రెలు. నాయన చాలాసేపు చూసి, గొడ్డలి మూలన పెట్టాడు.

అప్పటికి నేను ఏడో తరగతికొచ్చాను, పెనుకొండ బడిలో. సైన్సు పుస్తకంలో ఆహారపు గొలుసు బొమ్మ అమ్మకు చూపించాను. గడ్డి, ఎలుక, పాము, గద్ద. అమ్మ వేలు పాము మీద ఆగింది.

"దీన్ని తీసేస్తే?"

"గొలుసు తెగుతాదిమా."

"తెగదు పాపా. ఎలక కాడ ఉబ్బుతాది. మీ నాయన జేసింది అదే."

ఇప్పుడు ధర్మవరంలో పిల్లలకు అదే పాఠం చెబుతున్నాను. అంతకంటే బాగా చెప్పడం నాకు చేతకాలేదు.

ఆగస్టులో గట్టు సందులో ఆరడుగుల కుబుసం దొరికింది. పక్క బీడులోంచి కొత్త జెర్రిపోతు వచ్చి చేరిందన్నమాట. అమ్మ ఆ కుబుసాన్ని నాయన ముందు పరిచింది. ఆయన కట్టె కోసం వెతకలేదు.

కాయ పీకి కుప్ప వేసిన రోజు నాయన కుప్ప చుట్టూ రెండుసార్లు తిరిగాడు. కుప్ప పెద్దదే గానీ, ఎలుకలు తినలేదన్న నమ్మకం ఇంకా కుదిరినట్టు లేదు. అమ్మ కూడా గెలిచానని అనలేదు. "సోమక్క రానీ" అంది.

ఎలుక బొక్కలు తవ్వడంలో మా ఊళ్లో సోమక్కను మించినవాళ్లు లేరు. మరునాడు పొద్దున్నే గడ్డపార, గంపతో చేలో దిగింది. మధ్యాహ్నం దాకా తవ్వి, గంప బోర్లించి దాని మీదే కూలబడింది.

"ఏమ్మే నీలావతీ, మీ చేన్లో ఎలకలు గూడ పస్తులుండాయేమే! పోయినేడు ఈడ్నే రెండు గంపలెత్తినా. ఇప్పుడు దోసెడు రాల్యా. నీ పాములు నా కూడు గొట్టినాయి గదే!"

నాయన పకపకా నవ్వాడు. ఏడాదిన్నరగా నేను ఆ నవ్వు వినలేదు. బెంగళూరు మాట మా ఇంట్లో మళ్లీ వినపడలేదు.

అమ్మ సోమక్కను లేపి, గంప తీసుకుని, కుప్పలోంచి కాయలు దూసి అంచుదాకా నింపింది.

"ఎలకలు పెట్టల్యాదని ఏడుస్తావేంటికి పెద్దమ్మా? ఈయేడు నేను పెడతాండా, పట్టు."

సోమక్క ఒక కాయ ఒలిచి చూసి మూతి విరిచింది.

"పుచ్చులుండాయే. ఎలకలైతే ఏరి పెడతాండె."