పడవలో విప్పిన చెప్పులు

మొన్న ఆదివారం ఉదయం ఆరుంబావుకు వనపర్తి బస్టాండులో కొల్లాపూర్ బస్సెక్కాను. ఈసారి కిటికీ పక్క సీటు నాకే దొరికింది. పెళ్లయిన దగ్గర్నుంచీ అది మా ఆయనది. ఆయన పోయిన చలికాలంలో పోయారు.

కొల్లాపూర్‌లో దిగి ఆటోలో సోమశిల చేరాను. అక్కడి కృష్ణ నీళ్లనూ, పక్షులనూ, పాత గుళ్లనూ చూడడానికి ఎక్కడెక్కడి జనమో వస్తారు. మేం వచ్చేది వేరే పనికి. మా ఆయన పుట్టిన ఊరు శ్రీశైలం డ్యాం కట్టినప్పుడు ఆ నీళ్లలో మునిగింది. ఊళ్లోని గుడిని మాత్రం రాయి రాయి ఊడదీసి, ఒక్కోదాని మీద నంబరు వేసి, పైకి తెచ్చి మళ్లీ కట్టారు. ఇళ్లకు ఎవరూ నంబర్లు వేయలేదని ఆయన అనేవారు. అది ఫిర్యాదు కాదు, ఆయన లెక్కల మాస్టారు. ఏటా వానలు వెనకబట్టాక ఇద్దరం వచ్చి పడవెక్కేవాళ్లం. ఒడ్డున ఆ గుడి శిఖరం, దాని వెనకనున్న గుట్ట అంచుకు ఆనినట్టు కనిపించే చోట ఆయన చెప్పులు విప్పేవారు. కింద తమ ఇల్లుందనీ, ఇంటి మీద చెప్పులతో పోకూడదనీ ఆయన పట్టింపు. నేను నీటికాకులను చూస్తూ కూర్చునేదాన్ని, చోటు కనిపెట్టే పని నాది కాదు గనక. ఈసారి అది నావల్ల అవుతుందా అన్నదే నా దిగులు.

పడవాయన ఆ మునిగిన ఊరి బెస్తాయనే, మా ఆయన ఈడువాడు. ఇరవై ఏళ్లుగా మమ్మల్ని తిప్పింది అతనే. సారేడని అడిగితే చెప్పాను. మోటారు ఆపాడు, తర్వాత మళ్లీ తిప్పాడు. ఒడ్డు రాళ్ల మీద రెండు నీటికుక్కలు ఒక చేప కోసం కొట్లాడుకుంటున్నాయి. వాటిని చూస్తూ గుడి సంగతే మరిచిపోయాను. తల తిప్పేసరికి శిఖరం గుట్ట అంచుకు ఆనింది. గబగబా చెప్పులు విప్పాను.

"మీ ఇల్లు గీడ గాదమ్మా, ఇంకా ముందటుంది," అన్నాడు అతను.

"మరి ఇక్కడ?"

"గిది మా ఇల్లు."

ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగాను. అతను నీళ్లవైపు చూశాడు. "మా నాయిన మీ పటేలోళ్ల ఇంటి ముందట చెప్పులు చేతవట్టుకొని పోతుండె. సారేమో ఏటా వచ్చి మా ఇంటి మీద ఇడుస్తుండె. ఎట్ల చెప్త? జర మంచిగనిపిస్తుండె."

నాకు నవ్వొచ్చింది. ఆయన పోయాక అంతగా నవ్వడం అదే మొదలు. అతనూ నవ్వాడు. ఇరవై ఏళ్లు ఒకే లెక్క తప్పే మనిషి కాదాయన. తెలిసే విప్పారేమో. అడుగుదామంటే లేరు. ఉన్నా కిటికీలోంచి బయటికి చూస్తూ ఊరుకునేవారు.

అతను పడవను ముందుకు పోనిచ్చి, ఒకచోట నెమ్మది చేసి, ఇదే మీ ఇల్లని చూపించాడు. అక్కడా నీళ్లే, అవే నీటికాకులు. అతని కాళ్లకు చెప్పులున్నాయి. నేనూ నావి తొడుక్కున్నాను. ఆ ఇంటి ముందు ఇప్పుడు ఎవరూ చెప్పులు విప్పరు.