ఈగలతో రాజీ

మిఠాయి కొట్టు బాబాయికి లోకంలో పగవాళ్లంటూ ఉంటే అవి ఈగలే. పళ్లేల మీద వల గుడ్డలు కప్పేవాడు, అద్దాల బీరువాకి సందు లేకుండా రబ్బరు పట్టీలు వేయించాడు. గల్లాపెట్టె పక్కన ఈగల బ్యాటు ఎప్పుడూ సిద్ధం. బేరం మధ్యలో ఈగ కనబడితే, అది చచ్చేదాకా కొనేవాళ్లు ఆగాల్సిందే.

మిఠాయి చేసేవాడు రుచి చూడక తప్పదు. ఆ రుచి చూడటం ఎప్పుడు తినడంగా మారిందో తెలియదు గాని, షుగరు మాత్రం వచ్చి కూర్చుంది. మాత్రలు గుర్తున్న రోజున వేసుకునేవాడు. మెల్లగా అరికాళ్లకు స్పర్శ పోయింది. ఒకనాడు చెప్పులోంచి మేకు పైకి పొడుచుకొస్తే పొద్దంతా దాని మీదే నడిచాడు. సాయంత్రం పిన్ని గచ్చు మీద నెత్తుటి మరకలు చూసింది.

"ఎవరికో తెగినట్టుందండీ."

"ఎవరికో చూడు పాపం," అన్నాడు బాబాయి.

పిన్ని మరకల వెంబడే వచ్చి ఆయన కాలి దగ్గర ఆగింది.

అదే తగ్గుతుందిలే అని రోజులు నెట్టి, గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నాడు. ఆస్పత్రికి వెళ్లేసరికి పుండు అంచులు నల్లబడ్డాయి. డాక్టరమ్మ పరీక్షలన్నీ చూసి, ఎముక బాగానే ఉందని, చచ్చిన కండ మాత్రం తీసెయ్యాలని చెప్పింది.

"కోసి తీయొచ్చు. లేదంటే ఇక్కడ శుభ్రంగా పెంచిన పురుగుల్ని పెడతాం. కుళ్లిన కండ తింటాయి, మంచిదాని జోలికి పోవు."

"ఏం పురుగులమ్మా?"

"ఈగ పిల్లలు."

బాబాయి ఒంటికాలి మీద లేచాడు. రెండోది ఎలాగూ కింద పెట్టకూడదన్నారు.

"ఇన్నాళ్లూ వాటి అమ్మానాన్నల్ని చంపారు," అంది పిన్ని. "అయినా మీ కాలు బాగు చేస్తామంటున్నాయి. కూర్చోండి."

కూర్చున్నాడు. బియ్యపు గింజంత కూడా లేని పురుగుల్ని సన్నటి వల సంచిలో పెట్టి పుండు మీద కట్టు కట్టారు. ఇంటికొచ్చాక బాబాయి కాలు స్టూలు మీద పెట్టుకుని చెవులు రిక్కించాడు.

"నములుతున్న చప్పుడు వినబడుతోందా?"

"మీరు తినేటప్పుడు వచ్చేంత లేదు లెండి."

కట్టు విప్పే రోజున కళ్లు గట్టిగా మూసుకుని, ఉండబట్టలేక ఒకటి తెరిచాడు. పురుగులు బొద్దుగా తయారయ్యాయి. నలుపు చాలావరకు పోయి, కింద ఎర్రటి కండ కనబడింది. "పాపం, ఆకలి మీద వచ్చినట్టున్నాయి," అన్నాడు, విందు పెట్టినవాడిలా తృప్తిగా. ఇంకో విడతకి తనే కాలు చాపాడు.

పుండు శుభ్రపడ్డాక మందు తేనె పట్టీలు మొదలుపెట్టారు.

"తీపి ముట్టొద్దని చెప్పి మీరే పూస్తున్నారేంటమ్మా?"

"కాలికి పరవాలేదు. నోటికే వద్దు," అంది డాక్టరమ్మ. ఇంట్లో డబ్బాలోని తేనె మాత్రం పుయ్యొద్దని పిన్నికి మరీ మరీ చెప్పింది.

నెలలు పట్టినా పుండు మానింది. వేళ్లన్నీ దక్కాయి. రుచి చూసే పని పిన్ని తీసుకుంది. బాబాయి కొట్టుకి వచ్చిన తన ఈడు వాళ్లని ముందు చెప్పులు విప్పమనేవాడు. అలాగే ఎదురు కొట్టు తాళాలాయన మడమ మీద చీలిక బయటపడింది. ఆయనకీ షుగరే. బాబాయి అప్పటికప్పుడు ఆటో ఎక్కించి, దారి పొడుగునా పురుగుల గొప్పతనం వర్ణిస్తుంటే ఆయన మొహం పాలిపోయింది.

అదృష్టవశాత్తు తాళాలాయనకు మామూలు కట్టు సరిపోయింది. తిరిగి వస్తున్నంతసేపూ ఆయన నవ్వుతూనే ఉన్నాడు. కొంచెం నిరాశ పడింది బాబాయే.