నాయనమ్మ కొంగున చీమలు

రాయపూర్‌లో మోవా పేటలోని ఒక బడిలో ఆటలు నేర్పే గంగాభవాని టీచరు చేతిసంచికి ఎప్పుడూ చీమలు పట్టి ఉంటాయి. పిల్లలు నవ్వితే ఆమె కూడా నవ్వుతుంది. "మా నాయనమ్మ ఇచ్చిన ఆస్తి" అంటుంది.

ఆ నాయనమ్మ అప్పలనరసమ్మ. కొడుకు సూర్యారావుకి రాయపూర్ రైల్వే వ్యాగన్ షాపులో పని దొరికినప్పుడు బొబ్బిలి దగ్గరి పల్లె వదిలి అతని వెంట వచ్చింది. హిందీ నేర్చుకోలేదు, అడ్డపొగ మానలేదు. చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని క్వార్టరు గడప మీద కూర్చుని, షంటింగు ఇంజన్లతో పోటీగా పొగ వదిలేది.

గంగాభవానికి పదమూడో ఏట షుగరు వచ్చింది. పెద్దవాళ్లకొచ్చేది కాదు, రోజూ సూది పడకపోతే ప్రాణం నిలవనిది. ఆ వేసవి, 1984లో, పిల్ల కుండలకి కుండలు నీళ్లు తాగి, ఎండుకొమ్మలా చిక్కిపోయి, చివరికి ఆసుపత్రి మంచం మీద కళ్లు తెరిచింది. ఆమె ఇంటికొచ్చేసరికి నాయనమ్మ బెల్లం డబ్బా, పంచదార సీసా, మిగిలిన అరిసెలు, అన్నీ పక్కింటి రంగనాయకమ్మకి ఇచ్చేసింది. సూర్యారావు కూడా చప్పటి టీ తాగి డ్యూటీకి పోయేవాడు. వంటింటి మూల తడి ఇసకలో పెట్టిన మట్టికుండలో ఇన్సులిన్ సీసా చల్లగా నిద్రపోయేది.

కొన్నాళ్లకి నాయనమ్మ కొంగుకి చీమలు పట్టడం మొదలైంది. కొంగు చివర ముడి, ముడి చుట్టూ కదిలే ఎర్రటి గీత. ఇంట్లో తీపి వాసన లేకుండా చేసి, ముసలిది తనొక్కతే దాచుకు తింటోందని గంగాభవానికి అర్థమైంది. ఆ సంగతి సూది కన్నా లోతుగా గుచ్చుకుంది.

ఒకరోజు ఉండబట్టలేక అనేసింది. "నాయనమ్మా, చీమలు నిన్ను చూసి పంచదార మిల్లనుకుంటున్నాయి."

"ఆటికున్న గేనం నీకు నేదే, గుంటా" అని ముసలామె ముడి సర్దుకుంది.

గంగాభవాని ఖోఖో ఆడేది. పరిగెత్తినంతసేపూ జబ్బు ఆమెని అందుకోలేక ఎక్కడో వెనకబడిపోయేది. పదహారో ఏట, మార్చి ఎండలు ముదురుతున్నప్పుడు, బిలాస్‌పూర్ పోటీకి వెళ్లే జట్టులో ఆమె పేరు వచ్చింది. తల్లి సుభద్ర భయపడింది. చివరికి ఒక షరతు పెట్టింది: "శనివారం నీలం వస్తేనే ఆదివారం బండి."

ఆ ఇంట్లో రోజూ ఒక చిన్న ఆకాశాన్ని మరిగించేవారు. గాజు గొట్టంలో నీలం మందు పోసి, కొన్ని చుక్కల మూత్రం కలిపి, స్పిరిట్ దీపం మీద పట్టుకునేవారు. ఒంట్లో చక్కెర ఎక్కువైతే ఆ నీలం ఆకుపచ్చగా, పసుపుగా, చివరికి ఇటుక రంగుగా మారేది. నీలం నీలంగానే మిగిలితే సుభద్రకి పండగ. కానీ ఆ నీలానికి చెప్పడం చేతకాని సంగతి ఒకటుంది. చక్కెర సరిగా ఉన్నా అది నీలమే, ప్రమాదంగా పడిపోయినా నీలమే.

శనివారం పొద్దున సూది వేయించుకున్న గంగాభవాని, మధ్యాహ్నం అన్నం పళ్లెం పట్టుకుని పెరట్లోకి వెళ్లి, ముద్దలన్నీ ఆవుకి పెట్టేసింది. సాయంత్రం గొట్టంలో చిన్న మరక కూడా లేని నీలం.

"పెట్టె సర్దుకోవే!" అంది సుభద్ర.

గంగాభవాని సాధనకి మైదానంలోకి పరిగెత్తింది. కాసేపటికి ఒళ్లంతా చల్లటి చెమట పట్టింది. నేల మీది ఖోఖో గీతలు నీళ్లలో తీగల్లా ఊగాయి. కూర్చుంటున్నాననుకుని పడిపోయింది.

"కా హోగే, గంగా?" ఏమైందంటూ జట్టులోని సుఖ్‌మతి పరిగెత్తుకొచ్చి, తను తింటున్న బతాసా ఆమె నోటికి అందించబోయింది. భన్‌పురి సంత నుంచి కూరల సంచితో వస్తున్న రంగనాయకమ్మ ఆ చెయ్యి ఒక్కటి కొట్టింది. బతాసా దుమ్ములో పడింది.

"షుగరు పిల్లకి తీపి పెడతావా? చంపేస్తావా? ఎండదెబ్బ ఇది. నీళ్లు కొట్టండర్రా!"

తీపే కావాలని గంగాభవానికి తెలుసు. మాట గొంతు దాకా వచ్చి, నాలుక మీద దారి తప్పింది.

గోడ వారన చుట్ట కాల్చుకుంటున్న అప్పలనరసమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. మనవరాలి మెడ మీద చెయ్యి వేసింది.

"ఎండదెబ్బైతే ఒల్లు పెనంనాగ కాలాల. ఇది కడవనాగ సల్లగుంది. తప్పుకో, రంగనాయకీ."

కొంగు ముడి విప్పింది. బెల్లం ముక్క.

"అత్తా! షుగరు మనిషికి బెల్లమా? నీకు మతి పోయిందా?"

"పోతే నాది పోతాది. దీని పేనం పోకండా సూడనీ." బెల్లం చిదిపి మనవరాలి బుగ్గ లోపల రాసింది. "సప్పరించు, అమ్మీ. మింగు. ఇంకొంచెం."

బెల్లంతో పాటు చుట్ట వాసన, పాత నూలు వాసన, మూడేళ్ల దూరం నుంచి తీపి. నెమ్మదిగా గీతలు గీతలై నిలిచాయి. ఇంజను కూత మళ్లీ ఇంజను నుంచే వినిపించింది.

"నీ కోసం కాదా ఇది?" అంది గంగాభవాని, మాట రాగానే.

"నాకేటే, పల్లా నమల్డానికి? సల్లటి సెమట పడితే తీపెట్టాలని ఆసుపత్రిలో మన తెలుగు నర్సమ్మ సెప్పనేదేటి? తీపి ఒద్దన్న మాట మీయమ్మ మూట కట్టుకుంది. రెండో మాట నాను కట్టుకున్నాను. సీమలు తినీసినప్పుడల్లా ముక్క మారుస్తన్నాను."

తన ఇంట్లో డబ్బాలోని బెల్లం మూడేళ్లుగా ఎందుకు తరుగుతోందో రంగనాయకమ్మకి అప్పుడు తెలిసింది. వంగి, దుమ్ములోని బతాసా తీసి, కొంగుతో తుడిచి, ఏం చెయ్యాలో తెలియక సుఖ్‌మతికే ఇచ్చింది.

కబురు విని చెప్పుల్లేకుండా వచ్చింది సుభద్ర. "బిలాస్‌పూర్ లేదు, ఏమీ లేదు" అని ఏడ్చింది.

"అన్నం ఆవుకి పెట్టేశానమ్మా" అంది గంగాభవాని. "నీలం వస్తేనే పంపుతానన్నావు కదా."

సుభద్ర ఏడుపు ఆగిపోయింది. ఇంటికెళ్లాక అన్నం కలిపి, చిన్నప్పటిలా తనే ముద్దలు పెట్టింది.

తెల్లవారి గొట్టంలో ఆకుపచ్చ తేలింది. లేత చింతాకు రంగు. గంగాభవాని తల దించుకుంది. సుభద్ర ఆ గొట్టాన్ని కిటికీ వెలుగులో చాలాసేపు తిప్పి చూసింది. పెట్టె తెచ్చి, ఇన్సులిన్ సీసా తడిగుడ్డలో చుట్టి, బట్టల మధ్య పెట్టింది.

"పంపుతున్నావా?" అన్నాడు సూర్యారావు.

"తిన్న పిల్ల. కొంచెం ఆకుపచ్చ ఉంటే ఏం?"

"రైల్వేవాళ్లం. పచ్చజెండా చూసి బండి ఆపుతామా?" అన్నాడతను, ముందు రోజు సాయంత్రం తర్వాత మొదటిసారి నవ్వుతూ.

స్టేషన్లో నాయనమ్మ మనవరాలి చున్నీ చివర కొత్త ముడి వేసింది. ముందు రోజు కొంగు ముడి విప్పి దులిపినా పాత చీమలు కొన్ని చీర మడతల్లో మిగిలే ఉన్నాయి. బండి కదిలింది. కిటికీ పక్కన గంగాభవాని మణికట్టు మీద ఒక చీమ నడుస్తోంది. ఆమె దాన్ని దులపలేదు. దానిక్కూడా బిలాస్‌పూర్ చూడాలని ఉందేమో అనుకుని, చెయ్యి ఎండలోకి చాచింది.