గడప దాటని కుట్టుమిషను

కొలిపాక అనసూయను నేను మొదటిసారి చూసింది పదకొండేళ్ళ క్రితం, పదవీ విరమణ చేసిన నెలలోనే. హంటర్ రోడ్డుకు దిగువన, నాలాకు ఆనుకొని ఉన్న మా కాలనీలో, మా మేడకు సరిగ్గా ఎదురుగా ఒక రేకుల ఇంటి ముందరి గదిలో ఆమె కొత్తగా కుట్టుమిషను పెట్టింది. నేను రవికె గుడ్డ, కొలతకు ఒక ఆది జాకెట్టు పట్టుకొని వెళ్ళాను. ఆమె లేవలేదు. పళ్ళ మధ్య దారప్పోగు పట్టుకొని, నా ఆది జాకెట్టును తిరగేసి, కుట్టు చూసి పెదవి విరిచింది.

“ఎవలు కుట్టిండ్రు టీచరమ్మా? బస్తమూతి కుట్టినట్టున్నది.”

ముప్ఫై నాలుగేళ్ళు, నేను గదిలోకి రాగానే లేచి నిలబడే పిల్లల మధ్య గడిపిన నాకు ఆ పలకరింపు రుచించలేదు. గుడ్డకు పిన్నుతో గుచ్చిన చీటీ మీద ఆమె నా పేరును రెండు తప్పులతో రాసింది. దిద్దుకొమ్మన్నాను.

“పేరు తప్పు రాసిన గని భుజం తప్పు కొలిచిననా? తొడుక్కున్నంక మాట్లాడుండ్రి.”

తొడుక్కున్నాక మాట్లాడవలసింది ఏమీ మిగలలేదు. అంతకు ముందు ఏ రవికె నాకు అంత చక్కగా కుదరలేదు. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. చెప్పి ఉంటే ఆమె గర్వానికి మా వీధి చాలేది కాదు.

ఆమె లోపాలు దాచవలసిన అవసరం నాకు లేదు. ఆమె చెప్పే గడువుకు ఏ పంచాంగమూ సరిపోదు. ‘రేపు ఇస్తా’ అంటే వారమని కొందరు, పక్షమని కొందరు అర్థం చేసుకొనేవారు. ముఖం మీదనే మాట అంటుంది. లావైన వారిని లావయ్యారనే చెబుతుంది. తల్లి కట్టమ్మతో రోజంతా పోట్లాడుతుంది. మోకాళ్ళు పట్టేసి మంచం దిగలేని కట్టమ్మ కూడా ఏమీ తక్కువ తినలేదు. ఆ ఇంటికి తిండి పెట్టింది మాత్రం ఆ మిషనే. ఎవరో వాడి విడిచిన నల్లటి పాత మిషను కొని, దానికి మోటారు బిగించుకొన్నది. శుక్రవారం శుక్రవారం దానికి పసుపు, బొట్టు. దసరానాడు పూజ చేసి వేసిన బంతిపూల దండ ఎండి రాలిపోయేదాకా తీయదు. ఇటువంటి భక్తిని నేను పైకి చెప్పకపోయినా చాలా చులకనగా చూసేదాన్ని.

మొన్నటి కార్తీకంలో తుఫాను వచ్చింది. తీరం ఎక్కడో ఉన్నది కదా, మనకేమిటి అని మా కాలనీ ధీమా. ఆ సోమవారం నుంచే మైకు కట్టిన ఆటో ఒకటి తిరుగుతూ, నాలా పక్కన ఉన్నవాళ్ళు సామాను సర్దుకొని ఎత్తైన చోటికి పోవాలని చెబుతున్నది. వినవలసినవారు తలుపు వేసుకొని టీవీ శబ్దం పెంచారు. మంగళవారం పొద్దున మా కాలనీ సంక్షేమ సంఘం అధ్యక్షులు రాజేశ్వర్ రావు గారు అందరి ఫోన్లకూ ఒక సందేశం పంపారు. మన కాలనీ సేఫ్ జోన్‌లో ఉన్నదట. పుకార్లు నమ్మవద్దట. సంఘం అన్నీ చూసుకుంటుందట. ఆ సందేశం పంపిన గంటకు ఆయన తన కారును బయటికి తీశారు. వెనక డిక్కీలో ఇన్వర్టరు బ్యాటరీ, రెండు సూట్‌కేసులు, చుట్టిన పరుపు ఉన్నాయి. వసారాలో నిలబడిన నన్ను చూసి ఆయన భార్య శకుంతల చెయ్యి ఊపింది.

“హనుమకొండల మా ఆడిబిడ్డ మనుమరాలిది బర్త్‌డే టీచర్ గారూ. ఒక్కరోజు పోయొస్తం.”

పుట్టినరోజుకు పరుపు, బ్యాటరీ పట్టుకొని వెళ్ళే మర్యాద ఎప్పుడు మొదలయ్యిందో నాకు తెలియదు. కారు వెళ్ళబోతూ అనసూయ గుమ్మం ముందు ఆగింది. శకుంతల అద్దం దించి, పైనెలలో పెళ్ళి ఉన్న తన కూతురి రవికెను గుర్తుచేసింది.

“మా శ్రావణి వర్క్ బ్లౌజు జర పైలం, అనసూయా!”

నీళ్ళు వస్తాయన్న మాట మాత్రం చెప్పలేదు.

ఆ మధ్యాహ్నం నేను వీధి దాటి అనసూయ దగ్గరికి వెళ్ళాను. వెంట కరెంటు పని చేసే మధు ఉన్నాడు. మా వీధి చివర ఉంటాడు, బలమైనవాడు. మిషనును మా మేడ మీది గదిలోకి చేర్చమని నేనే పిలిచాను. అప్పటికే వాన సన్నగా పట్టుకొన్నది. అనసూయ ఒప్పుకోలేదు.

“మంగళారం మిషను గడప దాటియ్యద్దు.”

“పది నిమిషాల పనక్కా,” అన్నాడు మధు. “తలకాయ ఒకసారి, బల్ల ఒకసారి. వానకు మంగళారమని ఎరుకనా?”

“వానకు ఎరుక లేకుంటె మానె. నాకు ఎరుక గదా. అన్నం పెట్టే లచ్చిమిని మంగళారం ఎవలన్న బయటికి పంపుతరా?”

“అది ఇనుము, అనసూయా,” అన్నాను. “పోయేది ఎదురింటికి. పదిహేను అడుగులు.”

“పదిహేనడుగులైనా పదిహేను కోసులైనా, దాటితే దాటినట్టే టీచరమ్మా. ఇల్లు తప్పిన లచ్చిమి మళ్ళ వస్తదా? రేపు బుధారం. పొద్దుగాల్నే తీస్త.”

మంచం మీది నుంచి కట్టమ్మ వంత పాడింది. “మా అత్త మంగళారం గిన్నెడు బియ్యం కూడ ఎవలకు పెట్టకపోవు, పంతులమ్మా.”

చదువు లేకపోవడం ఒక బాధ. ఉన్న బుద్ధి చేత వారానికి ఒకరోజు సెలవు పెట్టించడం మరొక బాధ. ఆ మాట నేను వారి ముఖం మీదనే అన్నాను. ఇంకా రెండు మూడు మాటలు కూడా అన్నాను. అనసూయ బయటికి పోయింది. నాలుగు ఇటుకలు తెచ్చి మిషను కాళ్ళ కింద ఒక్కొక్కటిగా పెట్టింది.

ఆ తరువాత ఆమె చేసిన పని నాకు అప్పుడు ఇంకా విడ్డూరంగా తోచింది. గూట్లో ఉన్న పరాయివాళ్ళ బట్టలన్నీ కిందికి దించింది. కుట్టినవి, కుట్టవలసినవి, ఆది జాకెట్లు, పిన్నులతో చీటీలు. అన్నిటినీ పాత చీరల్లో మూటలు కట్టి, నెత్తిన ప్లాస్టిక్ సంచి కప్పుకొని, ఏడుసార్లు వీధి దాటి మా మేడ మెట్లు ఎక్కింది. శ్రావణి రవికెను వేరుగా, చంటిపిల్లను పట్టుకొన్నట్టు తెచ్చింది.

“వీటికి మంగళవారం అడ్డం రాలేదా?” అన్నాను.

“ఇవి నా లచ్చిమి గాదు గదా. మందియి. మందియి ఎప్పుడన్న తీయచ్చు.”

వాన సాయంత్రానికి జోరందుకొని తెల్లవారేవరకు తెరిపి ఇవ్వలేదు. బుధవారం తెల్లవారగానే మేడ మీది వసారాలోకి వచ్చి చూస్తే మా వీధి లేదు. నాలా ఏదో, రోడ్డు ఏదో తెలియకుండా ఎర్రటి నీరు పారుతున్నది. అనసూయ ఇంటి గుమ్మం సగానికి మునిగింది. ఆమె లోపల నడుము లోతు నీళ్ళలో నిలబడి రెండు చేతులతో మిషను పట్టుకొన్నది. ఇటుకలు ఎప్పుడో కొట్టుకుపోయాయి. ఆమె నోట వచ్చిన ‘రేపు’లలో నిజంగా రేపు అయినది అదొక్కటే. ఆమె చెప్పినట్టే, పొద్దుగాల్నే మిషను తీయబోయింది.

మధు నడుముకు తాడు కట్టుకొని, రెండో కొనను కరెంటు స్తంభానికి బిగించి, నీళ్ళు తోసుకుంటూ ఆ ఇంట్లోకి పోయాడు. వాళ్ళ కేకలు నాకు వసారాలోకి వినబడుతున్నాయి.

“అక్కా, ఒక్కటే మోస్త. మళ్ళ రానీకె కాదు, నీళ్ళు పెరుగుతానయి. అవ్వనా, మిషనా?”

కట్టమ్మ మంచం మీద నిలువునా తడిసి గోడకు ఆనుకొని ఉన్నది. కూతురి కన్న ముందు ఆమే జవాబిచ్చింది.

“మిషను తీస్కపో బిడ్డ! నేను కుట్టి పెడ్తానా, కూలి జేసి పెడ్తానా? దాన్ని తీస్కపో!”

“నోరు మూసుకొని వాని మెడ పట్టుకో,” అన్నది అనసూయ.

“నీకు తెల్వదే…”

“నాకు తెల్వదు. పట్టుకో.”

అని మిషనును వదిలిపెట్టింది. నేను చూస్తూనే ఉన్నాను. అది ఒక పక్కకు ఒరిగి, చక్రం ఒక్కసారి పైకి కనబడి మునిగిపోయింది. అనసూయ వెనక్కి చూడలేదు. తల్లి కాళ్ళు నీళ్ళలో తగలకుండా పైకి ఎత్తిపట్టి, మధు వెనకే తాడు పట్టుకొని మా మేడకు వచ్చింది.

రెండు గంటల తరువాత సహాయ సిబ్బంది పడవ వచ్చింది. మేడ మీద ఉన్నవాళ్ళను కూడా ఖాళీ చేయించారు. ముగ్గురమూ ఎత్తున ఉన్న ఒక ఫంక్షన్ హాలుకు చేరాము. అక్కడ ఒక చోటా నాయకుడు అన్నం పొట్లాలు పంచుతున్నాడు. కట్టమ్మ చేతిలో పొట్లం పెట్టి, తాను వదలకుండా, కెమెరా వైపు తిరిగి మూడుసార్లు నవ్వాడు. మొదటి రెండు ఫోటోలు సరిగ్గా రాలేదట.

“పొట్లం ఇడుస్తవా కొడుకా, ఫోటోనే తినుమంటవా?” అన్నది కట్టమ్మ.

హాలులో ఉన్న నాలుగు వందల మందీ నవ్వారు. ఆయనకు సిగ్గు రాలేదు. ఆ జాతికి రాదు.

మధ్యాహ్నం అనసూయ ఫోను మోగింది. హనుమకొండ నుంచి శకుంతల. ఆవిడ గొంతు పెద్దది. పక్కన కూర్చున్న నాకు, కట్టమ్మకు ప్రతి మాటా వినబడింది.

“అనసూయా, టీవీల మన కాలనీనే చూపిస్తాండ్రు! మా శ్రావణి బ్లౌజు తడవలేదు గదా?”

“తడవలేదక్కా. టీచరమ్మ మీది అర్రల పదిలంగ ఉన్నది.”

“హమ్మయ్య. ఆయనకైతే ఒకటే టెన్షన్. మరి ఆదివారం వరకు ఇస్తవా?”

“మిషను నీళ్ళల్ల ఉన్నదక్కా.”

“అయ్యో… మరి వేరే మిషను దొరకదా?”

అనసూయ ఫోను పెట్టేసింది. కట్టమ్మే అన్నది. “మంచిదే. మనల అడగకున్నా మిషను సంగతన్న అడిగింది.”

మూడోనాటికి నీరు తీసింది. ఇంటినిండా మోకాలెత్తు బురద. అనసూయ చేతులతో తవ్వి మిషనును బయటికి తీసింది. మోటారు పనికిరాకుండా పోయింది. బల్ల ఉబ్బి పొరలు పొరలుగా విచ్చుకొన్నది. ఇనుప తలను విప్పి, కిరోసిన్‌తో కడిగి, గుడ్డతో తుడిచి, నూనె పోసి ఒక పూటంతా కూర్చున్నది. శ్రావణి రవికెకు మిగిలిన పని మా పైగదిలో కిటికీ దగ్గర కూర్చొని చేత్తోనే కుట్టింది. రెండు పగళ్ళు పట్టింది. ఆ కుట్టును మిషను కుట్టు పక్కన పెట్టి చూస్తే నాకు తేడా తెలియలేదు. నా కన్ను సామాన్యంగా తప్పు విడువదు.

ఆదివారం సాయంత్రం శకుంతల వచ్చింది. భర్త నష్టపరిహారం కోసం ఇంట్లో తడిసిన వస్తువుల జాబితా రాస్తున్నారట. తరువాత తెలిసింది, ఆ జాబితాలో బ్యాటరీ, పరుపు కూడా ఉన్నాయని. ఆవిడ రవికెను చేతిలోకి తీసుకొని, కుట్టు చూడలేదు. ముక్కు దగ్గర పెట్టుకొన్నది.

“నాలా వాసన వస్తాందేందే?”

ఆ గుడ్డ మంగళవారం మధ్యాహ్నం నుంచి నా బీరువాలో ఉన్నది. ఆ మాటే శకుంతలకు చెప్పాను. చాలా స్పష్టంగా, నిదానంగా చెప్పాను. ఆవిడ నవ్వి, “మీకు తెలవదు టీచర్ గారూ, గాలికి పడుతది,” అని వెళ్ళిపోయింది. ఆ వారంలో కాలనీలోని స్త్రీలు ఒక్కొక్కరే వచ్చారు. “మళ్ళ ఇస్తం తియ్యి” అంటూ ఆది జాకెట్లు వాపసు తీసుకొన్నారు. ఒకరి బట్టకూ తడి తగలలేదు. ఒకరూ ఆమె ఇంట్లోకి తొంగిచూడలేదు. వారిలో ముగ్గురు నా దగ్గర చదువుకొన్నవారు. వారికి నేను ఏమి నేర్పానో ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నాను.

ఒకరోజు నేను ఉండబట్టలేక అడిగాను. “మంగళవారం తీసి ఉంటే దక్కేది కదా, అనసూయా?”

“తియ్యకపోతే మిషను పోయింది. తీసి ఉంటె ఏం పోయేదో ఎవలకెరుక?”

అటువంటి వాదానికి ఎక్కడ పట్టు దొరుకుతుందో నాకు తెలియదు. మునుపైతే మూఢత్వమని కొట్టిపారేసేదాన్ని. ఆ రోజు టీ పెట్టి ఇచ్చాను.

కుట్టించుకొనేవాళ్ళు రాని ఇంటికి అద్దె ఎవరు కడతారు? మార్గశిరంలో గీసుగొండ వైపు ఒక బట్టల కార్ఖానాలో ఆమెకు పని దొరికింది. రోజంతా చొక్కాలకు కాలర్లు మాత్రమే కుట్టాలట. “భుజం లేదు, నడుము లేదు. ఒట్టి మెడలే టీచరమ్మా,” అన్నది. అంతటి చేతిపనిని కాలర్లకు తగిలించిన లోకం మీద నాకు ఏ గౌరవమూ మిగలలేదు.

వెళ్ళేరోజు పొద్దున మధు ఆటోలో కట్టమ్మను, మంచాన్ని, రెండు సంచులను ఎక్కించాడు. అనసూయ మిషను తలను గుడ్డలో చుట్టి, తానే ఎత్తుకొని మా మెట్లు ఎక్కింది. కార్ఖానా వాళ్ళు ఇచ్చిన గదిలో దానికి చోటు లేదట. పాత ఇనుము కొనేవాడు రెండుసార్లు వచ్చి అడిగితే తరిమేసిందట. పైగదిలో కిటికీకి దూరంగా, జల్లు పడని మూల చూసి పీట మీద దించింది. నూనె సీసా పక్కన పెట్టింది. ఎప్పటికి తీసుకుపోతావని నేను అడగలేదు. ఆమె కూడా చెప్పలేదు.

గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, ఎన్నడూ లేనిది గొంతు తగ్గించి అడిగింది.

“వారానికొక్కపారి జర చక్రం తిప్పుండ్రి టీచరమ్మా. లేకుంటె పట్టేస్తది.”